కోయంబత్తూరు తెలుగువారు - విద్యుత్ మోటారు రక్షణ చరిత్ర

తమిళనాడునందలి కోయంబత్తూరు ప్రాంతమున తెలుగు మాటాడు కుటుంబములు అనేక తరములనుండి నివసించుచున్నవి. విజయనగర కాలమునను, తరువాత మధుర నాయకుల యేలుబడిలోను దక్షిణమునకు తరలివచ్చిన రైతుల సంతతివారు వీరిలో పెక్కురు. ఇంట తెలుగును, బయట తమిళమును మాటాడుచు, నల్లరేగడి నేలలో ప్రత్తి పండించి, పిదప నూలు మిల్లులు స్థాపించి, పంపులు పోతపోసి, యంత్రములు నిర్మించి వీరు పేరు గాంచిరి. వీరి మిల్లులను గూర్చి వ్రాసినవారు కలరు. వీరి విద్యాదానమును కొనియాడినవారును కలరు. కాని మోటారును చేసిన కథకు జంటగా మఱియొక కథ నడచినది. అది చేసిన మోటారును చెడు విద్యుత్తు బారినుండి కాపాడుకొనిన కథ. మొదటి కథయందు కీర్తి కలదు; రెండవ కథయందు రైతు నష్టమును, కార్మికుని నేర్పును కలవు. ఆ రెండవ కథను చదువరుల ముందుంచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

దూరమునుండి వచ్చిన శక్తి

దక్షిణదేశమున యంత్రములను నడపిన విద్యుత్తు మొదటినుండియు దూరప్రయాణము చేసి వచ్చినదే. 1902 వ సంవత్సరమున మైసూరు సంస్థానమువారు కావేరీనదిపై శివసముద్రము జలపాతమువద్ద విద్యుత్కేంద్రమును నెలకొల్పి, సుమారు 92 మైళ్ల దూరమందున్న కోలారు బంగారు గనులకు శక్తిని పంపిరి. ఆ గనులలో పనిచేసిన వారిలో తెలుగువారును పెక్కురు కలరు. అంత దూరము తీగలపై శక్తిని నడపుట ఆ కాలమున ప్రపంచమే గమనించిన సాహసము.

కోయంబత్తూరునకు ఇట్టి భాగ్యము నీలగిరులనుండి వచ్చినది. మద్రాసు ప్రభుత్వమువారి పైకారా జలవిద్యుత్ పథకము 1932 లో శక్తి నీయ నారంభించెను. అంతకు ముందే, 1910 లో, జి. కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లులకు పునాది వేసియుండిరి. పైకారా విద్యుత్తు వచ్చిన పిమ్మట నూలు మిల్లుల సంఖ్య వేగముగా పెరిగెను. పల్లెలలో దీనికంటె పెద్ద మార్పు కలిగినది. కోయంబత్తూరు ప్రాంతము పడమటి కనుమల చాటున నుండుటచే వాన తక్కువ. రైతులు రాతినేలలో లోతైన బావులు త్రవ్వి, ఎద్దులతో కపిల తోలి నీరు తోడుకొనెడివారు. తెల్లవారుజాముననే ఎద్దులను కట్టి, ప్రొద్దెక్కువఱకు తోలినను తడియునది కొద్దిపాటి మడి మాత్రమే. విద్యుత్ పంపు వచ్చినతోడనే బావిలో నీరున్నంతవఱకు పొలమునకు నీరు దొరకెను. ఎద్దుల జతకు బదులు మోటారు కుటుంబమునకు ఆధారమాయెను.

ఆ మోటారును ఇచటనే చేయవలెనను పట్టుదల కలంగల్ గ్రామమున 1893 లో జన్మించిన జి. డి. నాయుడుగారికి కలిగెను. 1920 లో బస్సు నడపుటతో వ్యాపార మారంభించిన వీరు, డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి 1937 లో పీళమేడునందు విద్యుత్ మోటారును తయారుచేయించిరి. భారతదేశమున స్వదేశీయముగా తయారైన తొలి మోటారుగా దీనిని చరిత్రకారులు పేర్కొనుచున్నారు. బాలసుందరం నాయుడుగారు తరువాత టెక్స్‌టూల్ సంస్థను నెలకొల్పిరి. 1926 లో ఏర్పడిన పి. ఎస్. జి. ధర్మసంస్థవారి పారిశ్రామిక విద్యాలయము పంపులు, మోటార్లు చేయు నేర్పును అనేకులకు కల్పించెను. ఇట్లు కోయంబత్తూరు పంపుల పట్టణమని ప్రసిద్ధి చెందెను.

మోటారు స్వభావము

ఇచట తయారైన మోటారు చాలవఱకు మూడు ఫేజుల ప్రేరణ మోటారు. 1888 లో ఇటలీ దేశమున గలిలియో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా తిరుగు అయస్కాంత క్షేత్రమును ప్రకటించిరి. మరుసటి సంవత్సరము డొలివో-డొబ్రొవోల్‌స్కీ మూడు ఫేజుల మోటారును నిర్మించెను. దీనియందు అరిగిపోవు బ్రష్షులు లేవు, నిర్మాణము సులభము, వెల తక్కువ. రైతు బావిగట్టున ఏండ్లకొలది నిలుచుటకు ఇంతకంటె తగిన యంత్రము లేదు.

కాని దీనికొక నియమము కలదు. మూడు తీగలలో వచ్చు విద్యుత్తు బలమునను, వరుసయందును సమముగా నుండవలెను. ఆ సమత చెడినప్పుడు మోటారు ఫిర్యాదు చేయదు; మౌనముగా వేడెక్కును. ఆ వేడి చుట్టలపైనున్న ఇన్సులేషనును తినివేయును. 1930 లో మాంట్‌సింగర్ అను అమెరికా ఇంజనీరు, ట్రాన్స్‌ఫార్మరులలో సుమారు 8 సెంటిగ్రేడు డిగ్రీల వేడి హెచ్చినకొలది ఇన్సులేషను ఆయువు సగమగునని చూపెను. మోటార్లకు ఈ లెక్కను తరువాతివారు 10 డిగ్రీలుగా గ్రహించిరి. కాబట్టి మోటారు ఒక్క దినమున కాలినట్లు కనబడినను, అది చాలదినములుగా కాలుచున్నదే యనవలెను.

విద్యుత్తు చేయు చెఱుపు

మొదటి చెఱుపు వోల్టేజి తగ్గుట. మోటారు త్రిప్పుబలము వోల్టేజి యొక్క వర్గమును బట్టి యుండును. వోల్టేజి నూటికి 80 పాళ్లకు దిగిన యెడల త్రిప్పుబలము 64 పాళ్లకు దిగును. కాని బావి లోతు తగ్గదు. ఎత్తవలసిన నీటి బరువు తగ్గదు. అందుచే మోటారు లోటును భర్తీ చేయుటకు హెచ్చు కరెంటును లాగుకొని వేడెక్కును. పల్లె లైనుల చివర ఈ బాధ మిక్కుటము. మోటారు మొదలగునపుడు సాధారణ కరెంటునకు ఆరు రెట్లవఱకు తీసికొనును. ఆగిపోయిన సరఫరా తిరిగి రాగానే ఊరిలోని మోటార్లన్నియు ఒక్కసారి మొదలైనచో లైను మఱింత క్రుంగును. చివరి బావి మోటారు మూలుగుచు నిలిచిపోవును.

రెండవది ఫేజుల అసమత. ఇది కంటికి కానరాని శత్రువు. ఒక లైనునందు మూడు జతల వోల్టేజులు 430, 415, 400 అని యుండెననుకొందము. సగటు 415, సగటునుండి గల హెచ్చు భేదము 15, అనగా సుమారు 3.6 శాతము. ఈ శాతమును వర్గముచేసి రెండింతలు చేసినచో మోటారు వేడి ఎంత శాతము పెరుగునో స్థూలముగా తెలియును. ఇచట అది సుమారు 26 శాతము. 1956 నాటి భారత విద్యుత్ నియమములు ఇట్టి లైనునకు 6 శాతము హెచ్చుతగ్గును అనుమతించినవి. 415 వోల్టులకు అది 390 మొదలు 440 వఱకు. పైని చెప్పిన మూడు అంకెలును ఆ హద్దులోనివే. అనగా ఒక్కొక్క అంకెను విడిగా చూచిన సరఫరా నిర్దోషమే. మూడింటిని కలిపి చూచిన మోటారునకు హాని. ఈ రహస్యమునకు లెక్క చూపినది 1918 లో ఛార్లెస్ ఫోర్టెస్క్యూ ప్రకటించిన సిద్ధాంతము. అసమమైన మూడు ఫేజులలో ముందుకు త్రిప్పు భాగముతోపాటు వెనుకకు త్రిప్ప జూచు భాగమును దాగియుండునని దాని సారము. ఆ రెండవ భాగము పని చేయదు. వేడిని మాత్రము పుట్టించును.

మూడవది ఒక ఫేజు పూర్తిగా పోవుట. దీనినే సింగిల్ ఫేజింగు అందురు. ఆగియున్న మోటారు రెండు తీగలతో కదలదు. కాని తిరుగుచున్న మోటారు ఆగదు. మిగిలిన తీగలలో సుమారు 1.73 రెట్లు కరెంటు లాగుకొనుచు పనిచేయును. 7 ఆంపియర్ల మోటారు అప్పుడు 12 ఆంపియర్లు తీసికొనును. మోటారు మొదలగునపుడు వచ్చు 40 ఆంపియర్లను ఓర్చుకొనుటకు వేసిన ఫ్యూజు ఈ 12 ఆంపియర్లను లెక్కచేయదు. రైతు నీరు పారుచున్నదని సంతోషించు సమయముననే మోటారు కాలుచుండును.

ఇవిగాక మెఱుపు వలనను, స్విచ్చుల మార్పు వలనను వచ్చు క్షణికమైన అధిక వోల్టేజియు, తీగలను మరమ్మతుచేసి తారుమారుగా కలిపినప్పుడు మోటారు వెనుకకు తిరుగుటయు కలవు.

కాపుదల పరిణామము

తొలుత కాపుదల యనగా ఫ్యూజు తీగ మాత్రమే. అది తీగలు ఒకదానితోనొకటి కలిసి మంటలు లేచినప్పుడు ఉపయోగించును గాని, మెల్లగా కాల్చు వేడిని ఎఱుగదు. పైగా మూడింటిలో ఒక్క ఫ్యూజు పోయినప్పుడు మోటారును రెండు తీగలపాలు చేయునదియు అదియే.

తరువాత స్టార్టరు వచ్చినది. దీనిలోని నో-వోల్టు కాయిలు సరఫరా పోయినప్పుడు మోటారును విడదీసి, తిరిగి రాగానే తనంత తాను మొదలు కాకుండ చూచును. దీనిలోని ఉష్ణ రిలే రెండు లోహముల పట్టీ వేడికి వంగుటచే పనిచేయును. ఈ పట్టీ మోటారు వేడికి నమూనా వంటిది. మోటారు కరెంటునకు సరిగా అమర్చినచో 12 ఆంపియర్ల కరెంటును కొన్ని నిమిషములలో పసిగట్టి ఆపగలదు. కాని పంట యెండుచుండగా రిలే మాటిమాటికి ఆపుచున్నదని విసిగి, దాని ముల్లును పైకి త్రిప్పి విడుచుట పల్లెలలో సామాన్యమైనది. ముల్లు పైకి పోయిన రిలే ఉన్నను లేనట్లే.

ఈ రిలేకు మఱియొక లోపము ఉండెను. పూర్వపు స్టార్టర్లలో పెక్కింటికి మూడు తీగలలో రెండింటికే ఉష్ణ పట్టీలు ఉండెడివి. ట్రాన్స్‌ఫార్మరునకు ఎగువనున్న 11,000 వోల్టుల లైనులో ఒక ఫ్యూజు పోయినప్పుడు, దిగువ మోటారు తీగలలో కరెంటు సమముగా పెరుగదు. ఒక తీగలో తక్కిన రెండింటికంటె రెండింతలుండును. ఆ తీగయే కాపులేని తీగ యైనచో మోటారు కాలక తప్పదు. అమెరికా దేశపు విద్యుత్ నియమావళి 1971 లో మూడు తీగలకును మూడు పట్టీలుండవలెనని విధించుట ఈ అనుభవ ఫలమే.

పిదప సింగిల్ ఫేజింగు నివారిణి వాడుకలోనికి వచ్చెను. దీనిలో రెండు జాతులు కలవు. వోల్టేజిని చూచునది మొదటిది. తిరుగుచున్న మోటారు పోయిన ఫేజునందు తానే కొంత వోల్టేజిని పుట్టించును. అందుచే వోల్టేజి ఉన్నదా లేదా యని మాత్రము చూచు పరికరము మోసపోవును. ఫోర్టెస్క్యూ చూపిన వెనుకకు త్రిప్పు భాగమును కొలుచు పరికరము మోసపోదు. రెండవ జాతి మూడు తీగల కరెంటులను పోల్చి చూచును. మొదటిది మోటారు మొదలు కాకముందే ఆపగలదు. రెండవది మోటారునకును తనకును నడుమ తెగిన తీగను సైతము పసిగట్టగలదు.

కాపును తీసివైచిన కాలము

ఇంత నేర్చిన పిమ్మట కాపుదల స్థిరపడవలసి యుండెను. అట్లు జరుగలేదు. విద్యుత్తు కొఱతచే తమిళనాడునందును, ఆంధ్రదేశమునందును పొలములకు మూడు ఫేజుల సరఫరాను కొన్ని గంటలకే పరిమితము చేసిరి. తక్కిన వేళలయందు ఇండ్ల దీపములకొఱకు తక్కువ ఫేజులే వచ్చెడివి. ఆ వేళలలో కెపాసిటర్లు తగిలించి మోటారును నడపు ఉపాయమును రైతులు కనుగొనిరి. నివారిణి దానిని అనుమతింపదు. కాబట్టి నివారిణిని ఊడదీసిరి. తన మోటారునకు చేటని రైతు ఎఱుగకపోలేదు. ఎండిన పైరు ఎదుట మోటారు ప్రాణము చిన్నదిగా తోచినది. ఇచట తప్పు రైతుదని నిందించుట సులభము. కాని నీరు ఏ గంటకు వచ్చునో తెలియనివానికి జాగ్రత్తను బోధించుట ఫలింపదు.

ఈ ప్రాంతమున విద్యుత్తు ధరను గూర్చిన పోరాటము ప్రసిద్ధమైనది. కోయంబత్తూరు సమీపమందలి వయ్యంపాళయమునకు చెందిన సి. నారాయణస్వామి నాయుడుగారు 1970 లోను, 1972 లోను రైతులను కూడగట్టి ధర పెంపును ఎదిరించిరి. ధరను గూర్చి అంతటి కదలిక వచ్చెను గాని, ఆ ధరకు వచ్చిన విద్యుత్తు నాణ్యమును గూర్చి అంతటి కదలిక రాలేదు. కాలిన మోటారును మరల చుట్టించుటకు రైతు పెట్టిన ఖర్చు విద్యుత్ బిల్లులో కనబడదు. కాని అదియు విద్యుత్తునకు చెల్లించిన వెలయే.

సరఫరా పక్షమునను కొన్ని దిద్దుబాట్లు జరిగినవి. 21 వ శతాబ్ది తొలి దశకమున ఆంధ్రప్రదేశ్ పంపిణీ సంస్థలు 11,000 వోల్టుల లైనును బావులకు దగ్గఱగా తీసికొనిపోయి, కొద్ది పంపులకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు నిలుపు పద్ధతిని విస్తరించినవి. తక్కువ వోల్టేజి తీగ పొడవు తగ్గుటచే చివరి మోటారునకును తగిన వోల్టేజి అందెను. తెలంగాణమునందు 2018 జనవరి 1 నుండి పొలములకు 24 గంటల సరఫరా ప్రారంభమైనప్పుడు, ఆటో స్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరెను. అన్ని మోటార్లును ఒక్కసారి మొదలగుట ఎంత భారమో పైని చెప్పితిమి. దక్షిణదేశపు గ్రిడ్డు 2013 డిసెంబరు 31 న తక్కిన దేశపు గ్రిడ్డుతో కలియుటయు ఈ మార్గమున ఒక మెట్టు.

డ్రైవుల కాలము

మిల్లులలో నేడు మోటారునకు ముందు వేగమును మార్చు డ్రైవు నిలుచుచున్నది. ఇది వచ్చు విద్యుత్తును ఏకముఖముగా మార్చి, కెపాసిటర్లలో నిలుపుకొని, తిరిగి కావలసిన ఫ్రీక్వెన్సీతో మోటారునకు అందించును. 415 వోల్టుల సరఫరాకు లోపల సుమారు 560 వోల్టులు నిలుచును. మోటారును చాల బాధలనుండి ఇది కాపాడును. కాని ఆ బాధలను ఇప్పుడు డ్రైవే అనుభవించును. రెప్పపాటు కాలము వోల్టేజి క్రుంగినను లోపలి నిలువ తగ్గి డ్రైవు ఆగిపోవును; నూలు తెగును. క్రుంగిన వోల్టేజి ఒక్కసారి లేచినప్పుడు ఖాళీయైన కెపాసిటర్లు పెద్ద కరెంటును లాగుకొనుటచే డయోడులు పగులవచ్చును. సమీపమున పవర్ ఫ్యాక్టరు కెపాసిటర్లను కలిపినప్పుడు పుట్టు తరంగము లోపలి వోల్టేజిని హద్దు దాటించును. ఫేజుల స్వల్ప అసమతయు డ్రైవు తీసికొను కరెంటులో పెద్ద అసమతగా మారును.

వీనికి మందు డ్రైవు ఎదుట మూడు మొదలు ఐదు శాతము గల రియాక్టరును, సర్జి నిరోధకమును, మంచి ఎర్తింగును. రియాక్టరు వెల డ్రైవు వెలలో చిన్న భాగమే. అయినను కొనువేళ మొదట కొట్టివేయబడు పద్దు అదియే. బావిగట్టున రిలే ముల్లు పైకి త్రిప్పిన చేయియు, మిల్లులో రియాక్టరు పద్దును కొట్టివేసిన కలమును ఒక్క తప్పునే చేయుచున్నవి.

కాలిన చుట్ట అను శాసనము

చరిత్రను వ్రాయువారికి శాసనములు ఆధారములు. మోటారు చరిత్రకును శాసనములు కలవు. అవి కాలిన చుట్టలు. చుట్టలు చుట్టు కార్మికుడు మోటారును విప్పి చూడగానే జరిగినదేమో చెప్పగలడు. స్టార్ కలయిక గల మోటారులో రెండు ఫేజుల చుట్టలు నల్లబడి, మూడవది క్రొత్తదివలె మెఱయుచున్న యెడల ఒక ఫేజు పోయినదని అర్థము. డెల్టా కలయికలో అయినచో ఒక్క ఫేజు నల్లబడి రెండు మిగులును. మూడును సమముగా మాడియున్న యెడల అధిక భారమో, తక్కువ వోల్టేజియో కారణము. ఒక్కచోట సూది పొడిచినట్లు రంధ్రముపడి తక్కినదంతయు బాగున్న యెడల మెఱుపు వంటి అధిక వోల్టేజిని అనుమానింపవలెను.

ఈ చదువు బడిలో నేర్చినది కాదు. వందలకొలది మోటార్లను విప్పి నేర్చినది. కోయంబత్తూరు వీథులలో దీనిని నేర్చినవారిలో తెలుగు ఇండ్లవారును, తమిళ ఇండ్లవారును కలరు. కాని మోటారు అంగడికి రాగానే రాగిని ఊడదీసి తూకము వేయుటతో ఆ శాసనము చెఱిగిపోవుచున్నది. రైతు మరల అదే మోటారును, అదే కాపులేని స్టార్టరునకు తగిలించును. మరుసటి వేసవికి అదే కథ నడచును.

కాబట్టి మనవారికి చేయదగిన మనవి రెండు మాటలు. మోటారు కాలినప్పుడు చుట్టను ఊడదీయక ముందే ఎట్లు కాలినదో కార్మికుని అడిగి వ్రాసికొనవలెను. ఆ కారణమునకు తగిన కాపును అమర్చినగాని మోటారును మరల నడపరాదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులందఱును ఇట్టి వ్రాతలను కలిపి చూచినచో, దోషము ఎవరి స్టార్టరులోనున్నదో, అందఱి లైనులోనున్నదో తేటపడును. అప్పుడు సరఫరాదారు నెదుట నిలిచి అడుగుటకు చేతిలో ఆధారముండును.

రెండవ మాట చరిత్రకు సంబంధించినది. 1937 నాటి మోటారును చేసిన పెద్దలను మనము స్మరించుచున్నాము, అది ఉచితమే. ఆ మోటార్లను తరతరములుగా బ్రతికించిన చేతులను సైతము స్మరింపవలెను. చుట్టలు చుట్టు అంగళ్లలో పాత లెక్కల పుస్తకములు ఇంకను కొన్ని మిగిలియుండవచ్చును. ఏ వేసవిలో ఎన్ని మోటార్లు, ఏ గ్రామమునుండి, ఏ విధముగా కాలి వచ్చినవో వానివలన తెలియును. అవి తూకమునకు పోకముందే సేకరించి భద్రపఱచుట మన సంఘములు చేయదగిన పని. మోటారును చేయుట ఒక విద్య, దానిని కాపాడుట వేఱొక విద్య. మన పూర్వులు రెండింటిని నేర్చిరి. మనము రెండవదానిని మఱువకుండుదము గాక.